ఎడమకు వేస్తే నాలుగూ ఎందుకు వెలుగుతున్నాయి?

బండికి కొత్త ఎల్‌ఈడీ ఇండికేటర్లు పెట్టించాం. ఎడమ స్విచ్ వేస్తే ఎడమ వైపు రెండే కొట్టుకోవాలి కదా, నాలుగూ కొట్టుకుంటున్నాయి. అదీ దడదడా. ఎందుకు?

హైదరాబాద్ చంపాపేట్‌లో ఐఎస్ సదన్ చౌరస్తా వైపునుంచి కర్మన్‌ఘాట్ దాకా ఏ మెకానిక్ షెడ్డు ముందు కాసేపు నిలబడ్డా ఇలాంటి ప్రశ్న ఒకటి చెవిన పడుతుంది. ఫాగ్ లైట్లు పెట్టించినప్పటి నుంచి పొద్దున్నే సెల్ఫ్ తిరగడం లేదంటాడు ఒకాయన. డబుల్ హారన్ పెట్టిస్తే పాత సింగిల్ హారన్ కంటే చిన్నగా మోగుతోందంటాడు ఇంకొకాయన. హ్యాండిల్ కుడికి తిప్పినప్పుడల్లా లైట్లు ఆరిపోతున్నాయని మరొకరి గోడు.

వీటన్నిటికీ రెండే రెండు జవాబులు సిద్ధంగా ఉంటాయి: ‘బ్యాటరీ వీక్ అయింది, మార్చెయ్ అన్నా’, లేదంటే ‘మాల్ డూప్లికేట్’. రెండూ ఒక్కోసారి నిజమే. కానీ చాలాసార్లు కొత్తగా తెచ్చిన వస్తువులోనూ లోపముండదు, పాత బండిలోనూ లోపముండదు. తేడా ఆ రెండూ కలిసిన చోట ఉంటుంది. బండిని తయారుచేసినవాళ్ళు ఏ బల్బు ఎంత కరెంటు లాగుతుందో ముందే లెక్క వేసి, ఆ లెక్కను నమ్ముకుని మిగతా వైరింగంతా అల్లారు. మనం ఒక చోట లెక్క మారుస్తాం, అది ఇంకో చోట బయటపడుతుంది. ఇండికేటర్ల చిక్కు దీనికి చక్కని ఉదాహరణ కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడదాం.

మీటరులోని చిన్న బల్బు

స్పీడోమీటరు డబ్బాలో ఇండికేటరు పడిందని చెప్పే చిన్న దీపం ఉంటుంది. కొన్ని బళ్ళలో ఎడమకొకటి, కుడికొకటి వేరువేరుగా బాణం గుర్తులుంటాయి. చాలా పాత బళ్ళలో రెండువైపులకూ కలిపి ఒక్కటే. ఆ ఒక్కటే ఉన్న బళ్ళలోనే నాలుగూ వెలిగే వింత జరుగుతుంది.

ఒక్క బల్బు రెండువైపులకూ ఎలా పనిచేస్తోంది? దాని ఒక కాలు ఎడమ ఇండికేటర్ల వైరుకు, ఇంకో కాలు కుడి ఇండికేటర్ల వైరుకు తగిలించారు. ఎర్త్‌కు తగిలించనే లేదు. ఎడమకు వేసినప్పుడు ఎడమ వైరులోకి కరెంటు వస్తుంది. అందులో కొంచెం ఈ చిన్న బల్బు గుండా దాటి, కుడి వైరులోకి వెళ్ళి, అక్కడున్న రెండు కుడి బల్బుల ఫిలమెంట్ల గుండా ఎర్త్‌కు చేరుతుంది. అంటే మీటరు దీపానికి తిరుగుదారి కుడి బల్బులే. కుడికి వేస్తే ఇదంతా తలకిందులవుతుంది. ఒక వైరు, ఒక బల్బు మిగిలాయి. పొదుపుగా ఆలోచించిన ఏర్పాటు.

మరి పాత బల్బులున్నప్పుడు కుడివైపు ఎందుకు వెలగలేదు? అంకెలు చూస్తే తెలుస్తుంది. మీటరు బల్బు 2 వాట్లదైతే దాని గుండా వెళ్ళే కరెంటు ఆంపియరులో ఆరో వంతు. అది కుడివైపు రెండు బల్బులకూ చీలితే ఒక్కోదానికి అందేది పన్నెండో వంతు. 10 వాట్ల ఇండికేటరు బల్బు వెలగాలంటే ఇంచుమించు 0.83 ఆంపియర్లు కావాలి. కావలసినదాంట్లో పదో వంతు అందితే ఫిలమెంటు గోరువెచ్చన కూడా కాదు. పైగా చల్లగా ఉన్న ఫిలమెంటు, వెలుగుతున్న ఫిలమెంటుతో పోలిస్తే దాదాపు పదో వంతు నిరోధమే చూపుతుంది. అందువల్ల ఆ కాస్త కరెంటు అక్కడ ఏ పనీ చేయకుండా జారిపోతుంది.

ఇప్పుడు ఆ బల్బులు తీసి ఒక వాటు చిల్లర ఎల్‌ఈడీలు పెట్టాం. ఎల్‌ఈడీ బాగా వెలగడానికి ఆంపియరులో పదో వంతు చాలు. మీటరు బల్బు గుండా దాటుకుని వచ్చే కరెంటు దాదాపు అంతే. పాత బల్బు ఖాతరు చేయని కరెంటుతోనే కొత్తది వెలిగిపోతుంది. ఎల్‌ఈడీ మంచిదే, స్విచ్ మంచిదే, వైరు ఎక్కడా షార్ట్ కాలేదు. పాత బల్బు తన వెలుగు పనితోపాటు మీటరు బల్బుకు ఎర్త్‌గా నిలబడే పని కూడా చేస్తూ వచ్చింది. దాన్ని తీసేశాక రెండో పని చేసే దిక్కు లేకుండా పోయింది.

అనుమానం తీర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. మీటరు వెనక రబ్బరు హోల్డరులోంచి ఆ చిన్న బల్బు లాగి పక్కన పెట్టి ఎడమకు వేసి చూడండి. ఎడమ రెండే కొట్టుకుంటే జబ్బు దొరికినట్టే. వైద్యం కోఠీ గుజరాతీ గల్లీలో చిల్లర డబ్బులకు దొరుకుతుంది: 1ఎన్4007 అనే డయోడ్లు రెండు. డయోడు కరెంటును ఒకే దిక్కుకు పోనిస్తుంది. ఎడమ వైరు నుంచి ఒక డయోడు, కుడి వైరు నుంచి ఒక డయోడు తెచ్చి, వెండి గీత ఉన్న కొనలు రెండూ కలిపి మీటరు బల్బు ఒక కాలికి ఇవ్వాలి. బల్బు రెండో కాలిని నేరుగా ఎర్త్ చేయాలి. ఇక ఏ వైపు వేసినా మీటరు దీపం వెలుగుతుంది, ఎదుటి వైపుకు మాత్రం దారి మూసుకుపోతుంది.

దడదడా కొట్టుకోవడం వేరే సంగతి. అది ఇండికేటర్లను వెలిగించి ఆర్పే ఫ్లాషర్‌ది. కొత్తకాలపు ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ తన గుండా ఎంత కరెంటు పోతోందో గమనిస్తూ ఉంటుంది. రెండు బల్బుల్లో ఒకటి మాడిపోతే కరెంటు సగమవుతుంది కాబట్టి, రైడరుకు ఆ కబురు తెలిసేలా వేగం పెంచుతుంది. ఎల్‌ఈడీలు లాగేది అంతకంటే తక్కువ గనక బల్బులు పోయాయనే అనుకుంటుంది. పాత రకం ఫ్లాషర్లో రెండు లోహాలు అతికించిన పట్టీ వేడికి వంగి సర్క్యూట్‌ను తెంపుతుంది, చల్లారి మళ్ళీ కలుపుతుంది. ఎల్‌ఈడీ లాగే కాస్త కరెంటుతో దానికి వేడే పుట్టదు. అందుకే అలాంటి బళ్ళలో ఇండికేటరు కొట్టుకోకుండా అలాగే వెలుగుతూ ఉండిపోతుంది.

దీనికి కొందరు లోడ్ రెసిస్టర్ అని ఒక బంగారు రంగు లోహపు డబ్బీ తగిలిస్తారు. అది పాత బల్బంత కరెంటును వేడిగా తగలేసి ఫ్లాషర్‌ను నమ్మిస్తుంది. నాకు ఆ పద్ధతి నచ్చదు. కరెంటు తక్కువ తాగుతుందని ఎల్‌ఈడీ కొని, మిగిల్చిన దాన్ని ప్లాస్టిక్ పక్కన కాల్చడం దేనికి? ఎల్‌ఈడీకి సరిపడే ఫ్లాషర్ వేస్తే సరిపోతుంది. ఒక్క జాగ్రత్త, అలాంటి కొన్నిటికి మూడో వైరు ఎర్త్‌ది ఉంటుంది. దాన్ని వదిలేస్తే అది పనిచేయదు.

వెళ్ళిన కరెంటు ఎటు తిరిగొస్తుంది?

బల్బుకు రెండు కాళ్ళుంటే బండిలో వైరు ఒకటే కనిపిస్తుందేమిటని పిల్లలు అడుగుతుంటారు. రెండో దారి బండి ఛాసిసే. బ్యాటరీ మైనస్‌ను ఛాసిస్‌కు బిగించేస్తారు. దీపం రెండో కాలు ఛాసిస్‌కు తగిలితే చాలు, ఇనుములోంచే కరెంటు బ్యాటరీకి తిరిగి చేరుతుంది. మెకానిక్‌లు బాడీ ఎర్త్ అనేది దీన్నే.

కొత్త సామాను బిగించేటప్పుడు ప్లస్ వైరు మీద చూపిన శ్రద్ధలో సగం కూడా ఎర్త్ మీద చూపరు. ఫాగ్ లైట్‌ను లెగ్‌గార్డుకు బిగించి, ఎర్త్ వైరును అదే బోల్టు కిందికి తోసేస్తారు. లెగ్‌గార్డు మీదున్న పౌడర్ కోటింగ్ పెయింటు కరెంటును పోనివ్వదు. బోల్టు మరల దగ్గర ఎక్కడో పెయింటు గీచుకుపోయి ఇనుము తగిలినంత మేరే దారి. మొదటి రోజు బాగానే వెలుగుతుంది. రెండు వానలు పడి అక్కడ తుప్పు పట్టాక మొదలవుతాయి తమాషాలు: బ్రేకు నొక్కితే ఇండికేటరు మసకబారుతుంది, హారన్ కొడితే హెడ్‌లైట్ కన్ను కొడుతుంది. సంబంధం లేని రెండు వస్తువులు ఒకదాన్నొకటి కదిలిస్తుంటే, రెండింటికీ కలిసిన ఎర్త్ దగ్గర మొదట వెతకాలి.

హ్యాండిల్ తిప్పితే లైటు ఆరే కేసు కూడా చాలాసార్లు ఇక్కడే తేలుతుంది. హ్యాండిల్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఇనుప సంబంధం అంటే స్టీరింగ్ కోన్‌లోని బాల్ బేరింగులే. వాటికి గ్రీజు పూసి ఉంటుంది. కంపెనీ వాళ్ళు అందుకే హెడ్‌లైట్ డూమ్ దాకా ప్రత్యేకంగా ఎర్త్ వైరు లాగుతారు. కొత్త లైటు ఎర్త్‌ను ఆ వైరుకు కలపకుండా హ్యాండిల్ బోల్టుకు ఇస్తే, కరెంటు గ్రీజులో తిరిగే గుండ్ల గుండా రావలసి వస్తుంది. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా ఆ దారి మారుతుంది.

ఎర్త్ వైరు ఏదో రంగు చూసి గుర్తుపడదామంటే అక్కడో మెలిక ఉంది. హోండా సంప్రదాయంలో వచ్చిన బళ్ళలో, అంటే స్ప్లెండర్‌లో, యాక్టివాలో, ఎర్త్‌కు ఆకుపచ్చ వైరు వాడతారు. నల్ల వైరులో తాళం తిప్పగానే ప్లస్ వస్తుంది. యమహాలో నలుపే ఎర్త్, తాళం ప్లస్ గోధుమరంగు. పల్సర్‌లో నలుపు మీద పసుపు గీతది ఎర్త్. ఆర్ఎక్స్ 100ల మీద చెయ్యి తిరిగిన మనిషి అలవాటు కొద్దీ స్ప్లెండర్ నల్ల వైరును ఎర్త్ చేస్తే తాళం తిప్పిన మరుక్షణం ఫ్యూజ్ ఎగిరిపోతుంది. ఫ్యూజ్ ఎగిరితే అదృష్టమే.

చివరి ఇంటికి నీళ్ళు అందని కాలనీ

సాహెబ్‌నగర్ రిజర్వాయరు వైపునుంచి కృష్ణా నీళ్ళు వచ్చే మన కాలనీల్లో ఒక వివాదం అందరికీ తెలిసిందే. నల్లా వదిలే వేళకు ఎవరో ఒకరు పైపుకు నేరుగా మోటారు తగిలిస్తారు. గల్లీ మొదట్లోని ఇంట్లో సంపు నిండుతుంది, చివరి ఇంట్లో నల్లా బుసకొడుతుంది. రిజర్వాయరులో నీళ్ళు తగ్గలేదు. కానీ సన్నపైపులో ఎక్కువ నీళ్ళు లాగేకొద్దీ దారిలోనే ఒత్తిడి హరించుకుపోతుంది. డబుల్ హారన్ విషయంలో వైరు చేసేదీ ఇదే.

విండ్‌టోన్ హారన్ల జత, బండితో వచ్చిన చిన్న డిస్క్ హారన్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. జత 10 ఆంపియర్లు లాగుతుందనుకుందాం. అర చదరపు మిల్లీమీటరు మందం ఉన్న రాగి వైరు 2 మీటర్లుంటే అందులోనే 0.7 వోల్టులు పోతాయి. అసలు ప్రమాదం వైరులో కాదు, హ్యాండిల్ మీది హారన్ బటన్లో. లోపల గోటికొనంత రాగి రేకు అది. దానికి దుమ్ము, నలుపు పట్టి ఉంటుంది. అక్కడ ఇంకో వోల్టో రెండో పోతాయి. 12 వోల్టులు అందాల్సిన హారన్‌కు 10 కూడా అందకపోవచ్చు, డయాఫ్రం సరిగా ఊగదు. డబ్బు పోసి కొన్న హారన్ పాతదానికంటే పేలవంగా మోగడానికి కారణం ఇదే.

పోయిన వోల్టులు ఎక్కడికీ మాయం కావు, వేడిగా మారతాయి. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుందని జేమ్స్ జౌల్ 1840ల తొలినాళ్ళలోనే తేల్చాడు. కరిగి ముద్దయిన హెడ్‌లైట్ కప్లర్లను షెడ్డులో చూసే ఉంటారు. 35 వాట్ల బల్బు తీసి 90 వాట్లది పెట్టినప్పుడు పెరిగింది రెండున్నర రెట్ల కరెంటు. కప్లర్లో పుట్టే వేడి ఆరు రెట్లు దాటింది.

ఫిలమెంటు బల్బుకు ఈ వోల్టు నష్టం మరీ ఎక్కువగా తగులుతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అందుకే పెద్ద బల్బు కొనేముందు ఉన్న బల్బుకు పూర్తి వోల్టులు అందుతున్నాయో లేదో చూడమని చెబుతాను. పాత బండిలో ఎర్త్ శుభ్రం చేసి మంచి రిలే వేస్తే చాలామందికి కొత్త బల్బు అక్కర్లేకుండా పోతుంది.

రిలే అంటే ఒక స్విచ్ చేత ఇంకో స్విచ్‌ను నొక్కించడం. నాలుగు కాళ్ళ డబ్బీ మీద 30, 85, 86, 87 అని రాసి ఉంటుంది. 85, 86 మధ్య చిన్న అయస్కాంతపు చుట్ట. దాన్ని హారన్ బటన్ నడిపిస్తుంది, అందుకు ఆంపియరులో అయిదో వంతు చాలు. బటన్ రేకుకు శ్రమ ఉండదు. అయస్కాంతం లాగగానే 30, 87 కలుస్తాయి. బ్యాటరీ నుంచి లావుపాటి వైరులో వచ్చిన అసలు కరెంటు 30లో దిగి, 87లోంచి నేరుగా హారన్‌కు పోతుంది. ఆ లావు వైరుకు బ్యాటరీ పక్కనే ఫ్యూజ్ ఉండాలి. హారన్ దగ్గర పెడితే, మధ్యలో వైరు ఛాసిస్‌కు ఒరుసుకుపోయినప్పుడు కాపాడేదేమీ ఉండదు. ఫ్యూజ్ ఉన్నది వైరు కాలిపోకుండా చూడటానికి. మాటిమాటికీ ఎగురుతోందని ఎర్ర 10 తీసి పసుపు 20 పెట్టడం, అంతకంటే ఘోరంగా రాగి పోగు చుట్టడం చేస్తే, ఇక ఆ బండిలో ఫ్యూజ్ పని వైరింగే చేస్తుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రకరకాల రాగాలు తీసే హారన్లను 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు ఒప్పుకోవు. రిలే వేసినంత మాత్రాన అవి చట్టబద్ధం కావు.

సిగ్నల్ దగ్గర నిలబడ్డ బండి

పాత బుల్లెట్‌లో హెడ్‌లైట్ డూమ్ మీద ఒక చిన్న ఆంపియర్ మీటరు ఉండేది. మధ్యలో సున్నా, ఇటు మైనస్, అటు ప్లస్. ముల్లు ప్లస్ వైపుంటే బ్యాటరీలోకి కరెంటు చేరుతోంది, మైనస్ వైపుంటే బయటికి పోతోంది. ఐడిల్‌లో లైటు వేస్తే ముల్లు ఎడమకు ఒరిగేది, యాక్సిలరేటర్ తిప్పగానే కుడికి లేచేది. ఈ అధ్యాయంలో బ్యాటరీ గురించి చెప్పబోయేదంతా ఆ ముల్లు చెప్పేసేది. దాన్ని కొత్త బళ్ళలో తీసేయడం నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది.

ఇంజిన్ తిరిగితే అయస్కాంతం తిరుగుతుంది, దాని పక్కనున్న కాయిల్‌లో కరెంటు పుడుతుంది. మైకేల్ ఫెరడే 1831లో కనిపెట్టిన సూత్రమే. ఎంత వేగంగా తిరిగితే అంత కరెంటు. చిన్న బళ్ళలో కాయిల్ మంచి వేగం మీద ఇచ్చేదే వంద వాట్లకు అటూ ఇటూ. ఐడిల్‌లో అందులో కొంతే. చంపాపేట్ నుంచి సైదాబాద్, చాదర్‌ఘాట్ మీదుగా కోఠీకి సాయంత్రం వేళ వెళ్ళే బండి ఎక్కువసేపు ఉండేది ఐడిల్‌లోనే. దీనికి తోడు 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాల్లో ఇంజిన్ నడిచినంతసేపూ హెడ్‌లైట్ వెలగాలనే నిబంధన వచ్చింది. ఆర్పే స్విచ్చే లేదు. కాయిల్‌లో ఏమైనా మిగులు ఉంటే అది పగలంతా ఆ దీపానికే పోతుంది.

అలాంటి బండికి 20 వాట్ల ఫాగ్ లైట్లు రెండు చేర్చామంటే 3 ఆంపియర్ల పైన అదనపు బరువు. ట్రాఫిక్‌లో లోటు 2 ఆంపియర్లే అనుకున్నా, అరగంటలో ఒక ఆంపియర్-అవర్ బ్యాటరీలోంచి పోయింది. కమ్యూటర్ బళ్ళలో బ్యాటరీ మొత్తం 3, 4 ఆంపియర్-అవర్లు ఉంటుంది. ఒక సాయంత్రానికి పావు వంతు ఖాళీ. రాత్రిపూట ఫుడ్ డెలివరీకి తిరిగే కుర్రాళ్ళ బళ్ళకు ఫోన్ చార్జర్ కూడా దీని మీదే. గంటకు ఎన్నోసార్లు ఆపి సెల్ఫ్ కొడతారు. నిజానికి సెల్ఫ్ ఒక్కసారి కొడితే ఖర్చయ్యేది చాలా తక్కువ. కాకపోతే ఆ రెండు క్షణాల్లోనే పదుల ఆంపియర్లు కావాలి. సగం ఖాళీ అయిన బ్యాటరీ అది ఇవ్వలేక చతికిలబడుతుంది. అప్పుడు బ్యాటరీ మార్పిస్తారు, నెల రోజులు బాగుంటుంది, మళ్ళీ మామూలే.

ఇంకో నష్టం తాళం తీశాక జరుగుతుంది. జీపీఎస్ ట్రాకర్లు, అలారాలు, నేరుగా బ్యాటరీకి తగిలించిన యూఎస్‌బీ సాకెట్లు రాత్రంతా కొంచెం కొంచెం తాగుతూనే ఉంటాయి. 20 మిల్లీ ఆంపియర్లంటే లెక్కలోకి రాదనిపిస్తుంది. రోజుకు అర ఆంపియర్-అవర్ దాకా పోతుంది. వారం రోజులు ఊరెళ్ళి వస్తే 3 ఆంపియర్-అవర్ల బ్యాటరీ చచ్చి ఉంటుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే పెట్రోలు పంపును కూడా బ్యాటరీయే నడపాలి కాబట్టి తోసి స్టార్ట్ చేయడమూ కష్టమే.

మల్టీమీటరుతో పావుగంట

ఊహలు మాని కొలవడం మొదలుపెడితే ఈ చిక్కులు చాలావరకు పావుగంటలో తేలిపోతాయి. మామూలు డిజిటల్ మల్టీమీటరు చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండి బ్యాటరీ మీద 12.6 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. 12.2 అంటే ఇంచుమించు సగమే ఉంది. మీటరు అలాగే ఉంచి సెల్ఫ్ నొక్కితే 10 దగ్గరికి పడినా పరవాలేదు, 8కి పడిపోతే ఖాళీ అయినా అయి ఉండాలి, ముసలిదైనా అయి ఉండాలి. ఇంజిన్ నడుస్తుండగా కాస్త రేస్ చేస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. ఇప్పుడు కొత్తగా పెట్టిన లైట్లన్నీ వేసి ఐడిల్‌లో చూడండి. అంకె 12.5 కిందికి జారి అలాగే జారుతూ ఉంటే, బుల్లెట్ ముల్లు మైనస్‌కు ఒరిగినట్టు.

రేస్ చేసినా 13 దాటకపోతే కొత్త సామాను మీద నింద వేయకముందు దాని ఫ్యూజ్ పీకి మళ్ళీ కొలవాలి. అప్పటికీ పెరగకపోతే ఆర్ఆర్ యూనిట్ (రెగ్యులేటర్-రెక్టిఫైయర్) మీదో కాయిల్ మీదో అనుమానం.

ఎర్త్ పరీక్ష చాలామంది చేయరు కానీ అన్నిటిలో ఎక్కువ ఫలితం దానిదే. దీపం వెలుగుతుండగా మీటరు ఒక కాలు బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఆ దీపం ఎర్త్ వైరు మీద పెట్టాలి. దారి శుభ్రంగా ఉంటే అంకె సున్నాకు దగ్గరగా ఉంటుంది. 0.3 దాటిందంటే మధ్యలో పెయింటో తుప్పో ఉంది. దీపం ఆర్పి కొలిస్తే ఏమీ తెలియదు, కరెంటు పారుతున్నప్పుడే వోల్టు నష్టం కనపడుతుంది.

తాళం తీశాక ఎంత తాగుతోందో చూడటానికి బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ సందులో మీటరును ఆంపియర్ల మీద పెట్టి కలపాలి. ఆ స్థితిలో పొరపాటున సెల్ఫ్ నొక్కితే మీటరు లోపలి ఫ్యూజ్ హరీమంటుంది.

పాత కమ్యూటర్ బళ్ళలో ఒక ఉచ్చు ఉంది. హెడ్‌లైట్ బ్యాటరీ నుంచి కాక కాయిల్ నుంచి నేరుగా ఏసీ మీద వెలుగుతుంది. యాక్సిలరేటర్‌తో పాటు వెలుగు పెరిగి తగ్గేది అందుకే. ఆ వైరుకు ఎల్‌ఈడీ బల్బు తగిలిస్తే ఐడిల్‌లో రెపరెపలాడుతుంది, కొన్నాళ్ళకు మాడిపోతుంది. మీటరును డీసీ మీద ఉంచి ఆ వైరు కొలిస్తే అర్థం లేని అంకె వస్తుంది, ఏసీ మీదికి తిప్పాలి. హెడ్‌లైట్ ‘డీసీ చేయించడం’ అని షెడ్డులో చెప్పేది ఈ దారి మార్పే. అది చేయిస్తే ఆ భారమంతా బ్యాటరీ మీదికి వస్తుందని మరవకూడదు.

వాన సంగతి కూడా చూడాలి. 2020 అక్టోబర్ వరదల్లో సరూర్‌నగర్ చెరువు చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు బళ్ళు కూడా నీళ్ళలో నానాయి. అంత వరద రాకపోయినా, వైరు తోలు ఒలిచి మెలేసి ఇన్సులేషన్ టేపు చుట్టిన జాయింటు మామూలు వానకే నీళ్ళు పీలుస్తుంది. ప్లస్ వైరు జాయింటులో తడి చేరితే రాగి త్వరగా తినేసుకుపోతుంది. టేపు విప్పితే పచ్చటి చిలుము కనిపిస్తుంది, పోగులు వేలికి పొడిగా రాలతాయి. టంకం వేసి, పైన వేడికి ముడుచుకునే స్లీవు తొడిగితే ఈ బాధ ఉండదు. వైరు కొయ్యకుండా అదే రకం కప్లర్ కొని మధ్యలో తగిలిస్తే ఇంకా మంచిది.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 బళ్ళ దగ్గర మాత్రం చెయ్యి కాస్త వెనక్కి తీసుకోవాలి. సెన్సర్ల వైర్లు కూడా ఆ కట్టలోనే కలిసి ఉంటాయి. అవి మిల్లీ ఆంపియర్లలో మాట్లాడుకునేవి. షెడ్డులో అందరి దగ్గరా ఉండే బల్బు టెస్టర్ వాటికి తగిలిస్తే అంత కరెంటు లాగి లోపలి ఎలక్ట్రానిక్స్‌కు చేటు చేయవచ్చు, వాటి మీద మల్టీమీటరే వాడాలి. కొత్త లైటుకు ప్లస్ ఎప్పుడూ బ్యాటరీ నుంచి ఫ్యూజ్ మీదుగా రిలేకు రావాలి. రిలేను లేపే చిన్న కరెంటు మాత్రం వెనక పార్కింగ్ లైటు వైరు నుంచి తీసుకుంటే తాళం తీయగానే అదీ ఆగిపోతుంది. అంతా బిగించాక, ఇంజిన్ నడుస్తుండగా లైట్లు వేసి హ్యాండిల్‌ను ఎడమ చివరి నుంచి కుడి చివరి దాకా మెల్లగా తిప్పాలి. కోన్ దగ్గర ఏ వైరైనా బిగుసుకుంటున్నా, నలుగుతున్నా అక్కడే క్లిప్పు విప్పి రెండు వేళ్ళంత వదులు ఇవ్వాలి.